అన్నీ హెడ్ యాక్స్‌లే అంటే ఎలా?
ఫిలిప్పీన్స్ కొండజాతులైన ఇగోరోట్‌ల గొడ్డళ్లన్నిటినీ మీ ఆర్టికల్‌లో హెడ్ యాక్స్ (తలలు నరికే గొడ్డలి) అని ఒకే గాటన కట్టేశారు, అలా కాదండీ. కలింగ వాళ్లది (మన శ్రీకాకుళం వైపు కళింగ కాదు, ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి కొండల్లో ఉండే తెగ) అంచు లోపలికి వంపు తిరిగి వెనక సన్నగా పొడుగాటి ముల్లు ఉంటుంది, అక్కడే ఉండే బొంటోక్ అనే ఇంకో తెగది అంచు దాదాపు తిన్నగా ఉండి ముల్లు పొట్టిగా ఉంటుంది. కొనేవాళ్లు ముందు పిడి చూడండి, దాని మధ్యలో కొమ్ములా పొడుచుకొచ్చిన ముక్క ఉంటుంది కదా, వాడిన గొడ్డలైతే అక్కడ చెయ్యి తగిలి తగిలి నున్నగా అరిగిపోతుంది, కొత్త వార్నిష్‌తో తళతళలాడుతుంటే మాత్రం అక్కడి బాగియో ఊళ్లో టూరిస్టులకి అమ్మే సరుకేమోనని డౌట్ పడాల్సిందే. తలలు నరకడానికే అన్నట్టు రాశారు గానీ ఇంట్లో మాంసం కొయ్యడానికీ కట్టెలకీ కూడా అదే వాడేవాళ్లు. తుప్పు చూసి పాతదని మురిసిపోకండి, అది తెప్పించడం ఎంతసేపు! నిజంగా పాతది దొరికితే మాత్రం శాండ్ పేపర్ పెట్టి రుద్దకండి బాబూ.