క్రైమ్ నవల గారికి, కాలవ గట్టు నుంచి ఒక తల్లి

మహారాజశ్రీ క్రైమ్ నవల గారికి,

పాలకొల్లు దగ్గర కాలవ గట్టు నుంచి మీ పాత పాఠకురాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీ వైపు మూడో పేజీ దాటాక ఎవరూ కుశలంగా ఉండరు కదా. ఆ మాట వదిలేస్తున్నాను.

పెళ్లికి ముందు అద్దె పుస్తకాల షాపు నుంచి మిమ్మల్ని తెచ్చుకుని, జంతికలు నములుతూ ఎన్ని శవాలు దాటానో లెక్కలేదు. ఇప్పుడు నాకో కూతురు. "స్కూలు బస్సు దిగిన పాప ఇల్లు చేరలేదు" అని మీరు అనగానే పుస్తకం మూసేసి, నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. "కథే కదే, ఎందుకంత టెన్షన్?" అంటారు మా ఆయన. అంటూనే లేచి వెళ్లి గేటు గడియ చూసొస్తారు.

భయపెట్టండి, కాదనను. డబ్బిచ్చేది అందుకే. కానీ ఆ పిల్లని కాస్త పిల్లలా రాయండి. మీ పాపకి ఒక వయసు, ఒక గులాబీ రంగు గౌను, గట్టు మీద దొరికే ఒంటి చెప్పు ఉంటాయి. అంతే. కాకరకాయ కూర వద్దని మారాం చేయదు, హోంవర్కు ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అనదు. నోరు విప్పే లోపే చంపేస్తారు. హంతకుడికి మాత్రం ముప్పై పేజీల బాల్యం! సవతి తల్లి వాణ్ణి ఏమందో, వర్షమంటే వాడికి ఎందుకు పడదో అన్నీ విడమరిచి చెబుతారు. డిటెక్టివ్ గారికి ఆ చావు పుణ్యమా అని ఒక తీరని దుఃఖం, దానికి తోడు విస్కీ, చివర్లో ప్రమోషను. మరి తల్లికి? "కెవ్వున అరిచి స్పృహ తప్పింది." మళ్లీ లేచేది ఆఖరి చాప్టర్‌లోనే.

మా వైపు ఏ తల్లీ అలా పడిపోదండి. పిల్ల పావుగంట కనబడకపోతే రామాలయం మైకులో చెప్పిస్తుంది, గట్టంతా చెప్పుల్లేకుండా పరిగెడుతుంది, రొయ్యల చెరువు కాపలావాడి నుంచి రైసుమిల్లు గుమస్తా దాకా అందర్నీ నిలదీస్తుంది. మీ డిటెక్టివ్ సిగరెట్టు వెలిగించే లోపు సగం దర్యాప్తు అయిపోతుంది.

ఇక మీ విలన్. నల్ల రెయిన్‌కోటు, గ్లౌజులు, శవం పక్కన కవిత్వంలో ఒక క్లూ. మే నెలలో మా ఊళ్లో ఆ కోటు వేసుకుని తిరిగితే పోలీసుల కంటే ముందు వడదెబ్బ పట్టుకుంటుంది. జాతీయ నేర గణాంకాలు ఏటా ఒకటే మాట చెబుతున్నాయి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు పిల్లకి తెలిసినవాళ్లే. వాళ్లు కవిత్వం రాయరు. పండక్కి పూతరేకుల డబ్బా పట్టుకుని వస్తారు. మనమే "మావయ్య దగ్గర కూర్చోమ్మా" అంటాం. తర్వాత సంగతి బయటపడితే ఇంటి పెద్దలు పరువు అంటారు. తెలిసి కూడా చెప్పకపోవడం నేరమేనని 2012లో వచ్చిన ఆ చట్టంలోనే ఉంది, పట్టించుకునేదెవరు? మీ నాలుగు వందల పేజీల్లో ఈ పరువుకి ఒక్క చాప్టరు లేదు. అందులో కారు ఛేజింగులు ఉండవు కాబట్టి కాబోలు.

కొత్త మొహం, మాసిన బట్టలు, భుజాన సంచి: ఈ బొమ్మ మాత్రం జనానికి బాగా ఎక్కింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని 2018 మే నెలలో వాట్సాప్‌లో పుకారు లేస్తే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దారిన పోయేవాళ్లని పట్టుకుని కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. గోదారి మీద వంతెన కడితే పిల్లల్ని బలిస్తారని మా నాయనమ్మ కూడా చెప్పేది. పాపం, ఆవిడ దాన్ని వెల కట్టి అమ్ముకోలేదు.

అసలు మా డెల్టాలో తల్లుల్ని నిద్రపోనివ్వనిది కాలవ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మాకు అన్నం పెట్టినవి ఈ కాలవలే, ఆయన ఫోటోకి దణ్ణం కూడా పెట్టుకుంటాం. కానీ వేసవిలో కట్టేసిన కాలవకి జూన్‌లో నీళ్లు వదిలారంటే పిల్లల్ని లాకుల దగ్గరికి పోకుండా ఆపడం ఎవరి తరం? గట్టు రోడ్డుకి చాలా చోట్ల పిట్టగోడ ఉండదు, చెరువుకి కంచె ఉండదు. కాలవకి మోటివ్ లేదు, సవతి తల్లి లేదు, అందుకని మీకు పనికిరాదు. ఆ పిట్టగోడ ఎందుకు కట్టలేదో ఆరా తీయడానికి మీ డిటెక్టివ్‌ని ఒకసారి పంపించండి. ఆ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో కనుక్కునేసరికి ఆయనకి కావలసినంత సస్పెన్స్ దొరుకుతుంది.

ఈసారికి మాత్రం ఆ పాపని రెండో చాప్టర్‌లోనే మేనత్త ఇంట్లో ముంజలు తింటూ దొరకనివ్వండి. మిగతా కథ ఎలా నడపాలంటారా? అది మీ తలనొప్పి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు

తా.క.: మొన్నటి పుస్తకం సగంలో ఆపేసి ఆఖరి పేజీ చూశాను. సంగీతం మాస్టారట! ఆ వయొలిన్ పెట్టె గురించి అంతసేపు వర్ణించినప్పుడే అనుకున్నాను.