సాక్షి హాజర్, ఏపీపీ గారు సెలవు

ఇప్పుడే కోర్టు నుంచి వచ్చా. చొక్కా కూడా మార్చకుండా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఒక సెల్‌ఫోన్ స్నాచింగ్ కేసులో నేను సాక్షిని. ఇవాళ నాలుగోసారి పిలిచారు, నాలుగోసారీ వాయిదానే. మొదటిసారి కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి, ఐఓ గారు, బందోబస్తుకి వెళ్లారు. రెండోసారి లాయర్లు విధులు బహిష్కరించారు. మూడోసారికి మేజిస్ట్రేట్ గారికి బదిలీ. ఇవాళ ప్రభుత్వం తరఫున వాదించే లాయరు, ఏపీపీ గారు, సెలవు. నేనేమో ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్లా! అటెండర్‌కి రెండడుగుల దూరంలోనే నిలబడ్డా, నా పేరు మూడుసార్లు గొంతు చించుకుని పిలిచాడు. బెంచ్ క్లర్కు తలెత్తకుండా వచ్చే నెల తారీఖు చెప్పేశారు. సాక్షి బత్తా సంగతి అడిగితే నవ్వారు. నేను ఒక్కసారి వెళ్లకపోతే మాత్రం వారెంటు.

సరే, నా గోల వదిలేయండి. ముద్దాయి కుర్రాడు తలుపు దగ్గర ఎస్కార్ట్ కానిస్టేబుల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. తారీఖు వినగానే ఆయన దగ్గర పెన్ను అడిగి అరచేతిలో రాసుకున్నాడు. చెయ్యి కడిగితే పోతుంది కదా అన్నా. "బయట మా అమ్మ ఉంది సార్, వెళ్లేటప్పుడు చూపిస్తా" అన్నాడు. పద్నాలుగు నెలలుగా లోపలే ఉన్నాడు.

ఫోన్ లాక్కున్నది వాడేనా? నాకు తెలీదు. నేను చూసింది ఒక ఎర్ర హెల్మెట్, ఒక వీపు. కోర్టులో చెప్పాల్సిందీ ఆ ముక్కే. అది చెప్పడానికే నాలుగుసార్లు తిరిగా.

నేరం రుజువైనా పడేది మహా అయితే మూడేళ్లు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాణ్ని అందులో మూడోవంతు గడిచాక బాండు మీద వదలాలని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. వాడికిదే మొదటి కేసని తల్లి మొత్తుకుంటోంది. మరి ఆ దరఖాస్తు ఏ బీరువాలో పడుకుందో! రెండు వాయిదాలు మించొద్దని అదే చట్టం 346వ సెక్షన్‌లో రాశారు కూడా. రాయడానికేం, భేషుగ్గా రాస్తారు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కేనని హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది. శిక్ష పడినా అన్నేళ్లు ఉండనక్కర్లేని వాళ్లు బిహార్ జైళ్లలో విచారణ ఖైదీలుగా మగ్గుతుంటే చెప్పిన మాట అది. 2022 జైళ్ల లెక్కలు తీస్తే ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణ ఖైదీలే.

పేదోడి కేసు కాబట్టి ఇలా అనుకునేరు. 1975లో సమస్తిపూర్ బాంబు పేలుడులో పోయింది సాక్షాత్తూ కేంద్ర రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా. కింది కోర్టు దోషుల్ని తేల్చింది 2014లో! ఇక సెల్‌ఫోన్ ఎంత?

ఈ సంగతే ఇందాక మా ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా బావగారి రిప్లై: "అందుకే ఎన్‌కౌంటర్లే కరెక్ట్." చూశారా, అక్కడికే వస్తారు. 2019 డిసెంబర్ 6 పొద్దున దిశ కేసు నిందితులు నలుగురినీ కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లిన వీడియోలు వరసపెట్టి పంపింది ఈయనే. విచారణ జరగాలి కదా అన్నానని తాంబూలాల పందిట్లో, అందరి ముందూ, "నీకు ఆడపిల్లలు లేరులే" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు బావగారూ. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చినప్పుడు మీ నుంచి ఫార్వర్డ్ కాదు కదా, ఒక్క బొటనవేలు బొమ్మ కూడా రాలేదు.

అన్నట్టు, మీ పెద్దోడి హెల్మెట్ కూడా ఎర్రదే కదా?