ఫస్ట్ టర్మ్‌లో పిల్లల్ని చదువుకోనివ్వండి

ప్రైవేట్ బిజినెస్ స్కూళ్లలో ఎంబీఏ లాంటి రెండేళ్ల డిప్లొమా పీజీడీఎం జూన్ జూలైల్లో మొదలవుతుంది, చాలా క్యాంపస్‌లలో అక్టోబర్ నవంబర్ వచ్చేసరికి సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు పెట్టేస్తున్నారు. అంటే హాస్టల్లో సామాను సర్దుకున్న నాలుగైదు నెలలకే, ఇంకా బ్యాలెన్స్ షీట్ చదవడం సరిగ్గా రాకముందే, నీకు ఫైనాన్స్ కావాలా మార్కెటింగ్ కావాలా, ఎందుకు కావాలి, చెప్పు అని అడుగుతున్నారు. అసలు ఆ సంగతి తేల్చుకోడానికే కదా వాళ్లు లక్షలు కట్టి చేరింది. ఈ పద్ధతి మారాలి. ఫస్ట్ టర్మ్ మొత్తం చదువుకే వదిలేయాలి, ఆ టర్మ్‌లో ప్లేస్‌మెంట్ పని ఏదీ క్యాంపస్‌లోకి రాకూడదు అన్నది మా అభిప్రాయం.

మొదటి నెలల్లో క్లాసు ఎలా ఉంటుందో బయటివాళ్లకి పెద్దగా తెలీదు. బ్యాచ్‌లో సగానికి పైగా బీటెక్‌లే ఉంటారు, కొందరు మాదాపూర్‌లోనో బెంగళూరులోనో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, మధ్యలో గుంటూరు నుంచో ఖమ్మం నుంచో బీకామ్ చేసిన పిల్లలు. బీటెక్‌కి డెబిట్ ఏంటి క్రెడిట్ ఏంటి అర్థం కాదు, బీకామ్‌కి స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్ చూస్తే గుండె జారిపోతుంది. అందుకే చాలా చోట్ల కావాలనే వీళ్లని కలిపి ఐదారుగురితో గ్రూపులు వేస్తారు, అసైన్‌మెంట్ రాత్రి 11:59కి సబ్మిట్ చేయాలి, పది గంటలకి కూడా ఇద్దరు ఫోన్ ఎత్తరు, మిగతావాళ్లు నైట్ క్యాంటీన్‌లో కూర్చుని మ్యాగీ తింటూ పీపీటీ పూర్తి చేస్తారు, ఆ గొడవల్లోనే ఒకరికొకరు అకౌంట్స్ చెప్పుకుంటారు, లెక్కలు నేర్పుకుంటారు, పని చేయని వాడితో ఎలా పని చేయించుకోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది. మేనేజ్‌మెంట్ చదువులో ఇది చాలా విలువైన భాగం. కానీ దీనికి టైమ్ కావాలి.

కేస్ పద్ధతి సంగతీ అంతే. హార్వర్డ్‌లో 1920ల్లో పాతుకుపోయిన ఈ పద్ధతిలో ప్రొఫెసర్ పాఠం చెప్పడు, ఒక కంపెనీ కథ ముందే చదువుకు రమ్మంటాడు, క్లాసులో "నువ్వే మేనేజర్‌వైతే ఏం చేస్తావ్" అని నిలబెట్టి అడుగుతాడు. ఇరవై ముప్పై పేజీల కేసు, దాని వెనకాల పట్టికలు, రోజుకి రెండు మూడు కేసులు. చదివి వస్తేనే ఆ క్లాసుకి అర్థం ఉంటుంది. చదవడానికి టైమ్ లేని కుర్రాడు ఏం చేస్తాడు, చాట్‌జీపీటీలో వేసి పది లైన్ల సారాంశం తెచ్చుకుంటాడు, క్లాస్ పార్టిసిపేషన్ మార్కుల కోసం అందులో ఒక లైన్ చదివేసి కూర్చుంటాడు. అరవై మంది అలాగే వస్తే ఇక అక్కడ చర్చ ఏముంటుంది. వాణ్ణి తిట్టడం తేలికే, కానీ ముందు రోజు రాత్రి పన్నెండు దాకా సీనియర్లు సీవీ వెరిఫికేషన్ పేరుతో వాణ్ణి కూర్చోబెట్టారు, సాయంత్రం ఒక కంపెనీ వాళ్ల ప్రజెంటేషన్‌కి హాజరు తప్పనిసరి అన్నారు, రాకపోతే ఫైన్ అన్నారు. మరి కేసు ఎప్పుడు చదవాలి?

ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయేది పల్లెటూళ్ల నుంచి, చిన్న టౌన్ల నుంచి వచ్చిన పిల్లలు, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజినీరింగ్ కష్టపడి గట్టెక్కి, క్యాట్, గ్జాట్ లాంటి మేనేజ్‌మెంట్ ఎంట్రన్స్ పరీక్షల్లో మంచి పర్సంటైల్ తెచ్చుకున్న అమ్మాయి ఉంటుంది. లెక్కల్లో క్లాసులో అందరికంటే ముందుంటుంది, కానీ చర్చ మొదలవగానే నోరు పెగలదు, చెప్పాల్సిన పాయింట్ మనసులో ఇంగ్లిష్‌లో కూర్చుకునే లోపు ఇంకెవరో చెప్పేస్తారు. ఆ అమ్మాయికి ఆరు నెలలు టైమ్ ఇచ్చి చూడండి, మాట్లాడుతుంది, గట్టిగానే మాట్లాడుతుంది, ఇలాంటి పిల్లలు రెండో ఏడాదికి క్లబ్బులు నడిపిన క్యాంపస్‌లు ఎన్నో ఉన్నాయి. కానీ అక్టోబర్‌లోనే గ్రూప్ డిస్కషన్ పెట్టి తీసేస్తే తనకి మిగిలేది "నేను పనికిరాను" అన్న ముద్ర ఒక్కటే. సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి మంచి కంపెనీ పడకపోతే పీపీవో, అంటే ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీయే ముందుగా ఇచ్చే ఉద్యోగం ఆఫర్, రాదు, రెండో ఏడాది ఫైనల్ ప్లేస్‌మెంట్‌లో సీవీ మీద చూపించుకోడానికి ఏమీ ఉండదు, అంటే ఆ నాలుగో నెలలో జరిగినదే రెండేళ్లూ వెంటాడుతుంది. ఢిల్లీలో, ముంబైలో చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్‌లో పెరిగిన పిల్లలకి ఈ తొందర వల్ల పోయేది పెద్దగా ఏమీ లేదు.

గచ్చిబౌలిలో ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఉంది కదా, అక్కడ ఏడాదిలోనే అన్నీ అయిపోతాయి కదా అనొచ్చు. నిజమే, 2001 నుంచి అక్కడ ఏడాది కోర్సే ప్రధానంగా నడుస్తోంది, ముందు అందరికీ ఒకటే సబ్జెక్టులుండే కోర్ టర్ములు, తర్వాత ఎవరికి వారు ఎంచుకునే ఎలెక్టివ్‌లు, ఊపిరాడని షెడ్యూల్. కానీ ఆ కోర్సులో చేరేవాళ్లు ఎక్కువగా కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, తమకేం కావాలో కొంతైనా తెలిసినవాళ్లు. ఇరవై రెండేళ్ల ఫ్రెషర్‌ని అదే స్పీడులో తోయడం వేరు. రెండేళ్ల కోర్సు పెట్టుకున్నదే నిదానంగా నేర్పడానికి.

మేనేజ్‌మెంట్లు చెప్పే జవాబు మాకు తెలుసు. మేం ఆలస్యం చేస్తే కంపెనీలు పక్క కాలేజీకి వెళ్లిపోతాయి, అక్కడ సీట్లు నింపేసుకుని మా దాకా రావు అంటారు. ఇది నిజమైన భయమే, ఏ ఒక్క కాలేజీ సొంతంగా ఆగే పరిస్థితి లేదు. అందుకే ఇది సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువుల్ని నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ చేయాల్సిన పని. పీజీడీఎంకి అనుమతి ఇచ్చేది వాళ్లే, ఏటా అకడమిక్ క్యాలెండర్ ఇచ్చేది కూడా వాళ్లే, అందులో ఫలానా తేదీకి ముందు సమ్మర్ ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు పెట్టకూడదు అని ఒక్క లైన్ చేరిస్తే అందరికీ ఒకటే రూల్ అవుతుంది. ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఏప్రిల్ మే నెలల్లో, జనవరిలో ఇంటర్వ్యూలు పెట్టుకుంటే కంపెనీలకి వచ్చిన నష్టమేంటి? పైగా రెండు టర్ములు చదివిన పిల్లలు దొరుకుతారు.

ఇక ఇళ్లల్లో ఈ తొందరకి కారణం అప్పు. దాని మీద తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. పదిహేను లక్షల ఎడ్యుకేషన్ లోన్ 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 20,660 రూపాయల ఈఎంఐ, చదువుకునేటప్పుడు పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఈ లోన్ మీద కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్లు పన్ను మినహాయింపు ఉంటుంది గానీ అది పాత పన్ను విధానంలోనే, కొత్త దాంట్లో లేదు. పొలం తనఖా పెట్టిన తండ్రి ప్యాకేజీ ఎంత అని అడగడంలో అన్యాయం లేదు. కాకపోతే అడగాల్సింది హయ్యెస్ట్ ప్యాకేజీ కాదు. హోర్డింగ్ మీద ఉండే ఆ అంకె ఒక్కరిది. మీడియన్, అంటే బ్యాచ్‌ని ప్యాకేజీల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి ప్యాకేజీ, ఎంత, బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం రాలేదు, ఎంతమంది అసలు ప్లేస్‌మెంట్‌కి కూర్చోలేదు అని అడగండి. సీటీసీలో, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో, పనితీరుని బట్టి వచ్చే వేరియబుల్ పే, జాయినింగ్ బోనస్, పీఎఫ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపేస్తారు, చేతికి వచ్చేది వేరు. ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో వచ్చిన ఇండియన్ ప్లేస్‌మెంట్ రిపోర్టింగ్ స్టాండర్డ్స్‌లో గ్యారంటీగా వచ్చే నగదు వేరుగా, గరిష్ఠంగా సంపాదించగలిగేది వేరుగా చూపించాలి, ఆ రిపోర్టుని ఆడిట్ చేయించాలి. అయితే అది స్వచ్ఛందమే. ప్రతి ప్రైవేట్ బిజినెస్ స్కూల్‌కీ దాన్ని తప్పనిసరి చేయాలని కూడా మేము కోరుతున్నాం, ఎందుకంటే అంకెలు నిజాయితీగా బయటికొస్తే క్యాంపస్‌ల మధ్య ఈ పరుగు పందెం కొంతైనా తగ్గుతుంది, మంచి ఫ్యాకల్టీ ఉన్న కాలేజీ ఏదో, ప్రచారం మీద నడిచేది ఏదో జనానికి తెలుస్తుంది.

అడ్మిషన్ లెటర్లు వచ్చినప్పుడు రెండు మూడు రోజుల్లో ఫీజు కట్టకపోతే సీటు పోతుందని ఫోన్లు వస్తుంటాయి. కంగారు పడకండి. కోర్సు మొదలవక ముందే మానుకుంటే ప్రాసెసింగ్ ఫీజు కింద వెయ్యి రూపాయలకి మించకుండా పట్టుకుని మిగతాదంతా వెనక్కివ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని ఏఐసీటీఈ నిబంధనలు చెప్తున్నాయి. ఆ మాట వాళ్లతో చెప్పండి, ఆడిటెడ్ ప్లేస్‌మెంట్ రిపోర్ట్ పంపమని అడగండి, ఫస్ట్ టర్మ్‌లో క్లాసులు ఎన్ని, ఇంటర్వ్యూలు ఏ నెలలో మొదలవుతాయో మెయిల్‌లో రాసి ఇవ్వమనండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.