ఎమరాల్డ్ రాస్బోరాకి హీటరూ వద్దు, ఉత్త ఆర్‌ఓ నీళ్లూ వద్దు

"ఎమరాల్డ్ డ్వార్ఫ్ రాస్బోరా ఉష్ణమండల చేప. హీటర్ పెట్టి 28 డిగ్రీలు ఉంచండి, ఆర్‌ఓ నీళ్లే పోయండి, అంగుళం చేపకి అయిదు లీటర్ల జాడీ చాలు." అక్వేరియం పెంచేవాళ్ల మధ్య తెగ తిరుగుతున్న సలహా ఇది. దీన్ని నమ్మితే చేప దక్కదు.

ఉష్ణమండల చేపే, కాదనం. కానీ డానియో ఎరిత్రోమైక్రాన్ (ఇది దీని శాస్త్రీయ నామం) సొంత ఊరు ఒక్కటే: మయన్మార్ షాన్ రాష్ట్రంలోని ఇన్లే సరస్సు. అప్పటి జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టర్ నెల్సన్ అనండేల్ 1918లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ సరస్సు దాదాపు 880 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే దీనికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. మన దగ్గర అసలు సమస్య వేసవి. 22 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 8.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే, 32 డిగ్రీలకి అది 7.3కి పడిపోతుంది. ట్యాంకు మూత తీసి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలి పొడిగా ఉండే హైదరాబాద్, కర్నూలుల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఎక్కువైన విజయవాడ, విశాఖల్లో అంతగా దిగదు, అక్కడ ఏసీ గదో, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో లేకుండా ఈ చేప జోలికి పోకపోవడమే మేలు.

ఇక ఆర్‌ఓ మాట. ఇన్లే చుట్టూ సున్నపురాయి కొండలు, అందుకే సరస్సు నీళ్లు కాస్త గట్టివి (సున్నం లాంటి ఖనిజాలు ఎక్కువ), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 పైనే. ఉత్త ఆర్‌ఓ నీటిలో కార్బొనేట్లు దాదాపు ఉండవు. వ్యర్థాల నుంచి పుట్టే ఆమ్లాన్ని ఆపేది లేక పీహెచ్ ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. బోరు నీళ్లు మరీ ఉప్పగా లేకపోతే అవే వాడండి, మరీ గట్టివైతే సగం ఆర్‌ఓ కలపండి. ఆర్‌ఓ అచ్చంగా పనికొచ్చేది ఒకే చోట: ఫ్యాన్ వల్ల ఆవిరైన నీటిని భర్తీ చేయడానికి. ఆవిరయ్యేది నీరే, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మోతాదు, వారం వారం ఎక్కుతుంది.

జాడీ సంగతి: ఇది బిడియపు చేప. రెండో మూడో ఉంటే మొక్కల చాటున నక్కి తిండి మానేస్తాయి. కనీసం పది చేపలు, 60 సెంటీమీటర్ల పొడవు ట్యాంకు, చిక్కగా నాచు మొక్కలు (మాస్) కావాలి.

మేత గురించి ఆ సలహాలో ఒక్క ముక్క లేదు. నోరు చిన్నది, పైన తేలే పొడి మేత దానికి అంతగా అందదు. అందుకే ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య) పిల్లల్ని పొదిగించి వేయండి. లీటరు నీటిలో 25 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి గాలి పంపు పెడితే 26-28 డిగ్రీల దగ్గర రోజులో పొదుగుతాయి. పంపు ఆపి అడుగున దీపం చూపిస్తే పెంకులు పైకి తేలి, నారింజ రంగు పిల్లలు కింద గుమిగూడతాయి. వాటిని గొట్టంతో లాగి, సన్నటి బట్టలో వడగట్టి, మంచినీటితో కడిగి వేయండి.