ఫైనా నేపుల్స్‌ది కాదు
అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ పిజ్జా కొట్లలో తిండంతా ఇటలీలోని నేపుల్స్ నుంచే వచ్చిందన్న మాట సగమే నిజం. 19వ శతాబ్దంలో లా బోకా రేవు పేటలో స్థిరపడిన ఇటలీవాళ్లలో ఎక్కువమంది జెనోవా వైపువాళ్లు. పిజ్జా ముక్క మీద పెట్టుకు తినే ఫైనా వాళ్లదే, అచ్చంగా శనగపిండి వంటకం. తూకంలో ఒక పాలు పిండికి మూడు పాళ్లు నీళ్లు, ఉప్పు, ధారాళంగా ఆలివ్ నూనె. నాలుగు గంటలైనా నాననిచ్చి, పైకి తేలిన నురగ తీసెయ్యాలి. నానకపోతే పచ్చివాసన పోదు. పళ్లెం ముందే ఓవెన్‌లో బాగా కాలాలి, లేదంటే పిండి అంటుకుపోయి ముక్కలుగా ఊడుతుంది. పిండి మందం ఎక్కువైతే పైన మాడి లోపల ముద్దగా ఉండిపోతుంది (అసలు చాలామంది చెడగొట్టేది ఇక్కడే). ఉల్లిపాయలు పరిచి కాల్చే మందపాటి రొట్టె ఫుగాసా కూడా జెనోవా సంతతే. దాంట్లో చీజ్ కూరి ఫుగాసెతా చేసింది మాత్రం బ్యూనస్ ఐరిస్ వాళ్లు.