నేటి డ్రూయిడ్లు నరబలులిస్తారా?

ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గర జూన్ సూర్యోదయం ఫొటోలకు తోకలా ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. దాని సారం ఇది: ఆ రాళ్లను నిలబెట్టింది డ్రూయిడ్లు, అంటే బ్రిటన్, గాల్ ప్రాంతాల ప్రాచీన కెల్టిక్ ప్రజల పూజారులు, వారు నరబలులిచ్చేవారు, తెల్ల అంగీలు తొడిగే నేటి డ్రూయిడ్లు ఆ పరంపరనే గుట్టుగా నడుపుతున్నారు.

రాళ్ల సంగతి తేల్చడం తేలిక. పెద్ద రాళ్లు లేచింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో. డ్రూయిడ్ల తొలి ప్రస్తావనలు ఆ తరువాత రెండు వేల ఏళ్లకు గాని దొరకవు. 18వ శతాబ్దంలో విలియం స్టూక్లీ అనే ఇంగ్లిష్ పురాతత్వ పరిశోధకుడు ఈ రెండింటికీ గట్టిగా ముడిపెట్టాడు, అది ఇంకా ఊడలేదు.

నరబలి మాటకు కొంత ఆధారం లేకపోలేదు. కొమ్మలతో అల్లిన భారీ బొమ్మల్లో మనుషులను పెట్టి కాల్చేవారని రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాశాడు. అయితే గాల్ దేశాన్ని (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) జయించిన సేనాని ఓడినవారి గురించి రాసిన రాత అది. దానిని ఆచితూచి చదవాలి. పురాతన కాలంలో బలులే లేవని నేననను. ఆ నేరాన్ని ఇప్పటివారి మెడకు చుట్టడమే అన్యాయం.

ఐజాక్ బోనెవిట్స్ 1983లో అమెరికాలో ప్రారంభించిన ఏడీఎఫ్ అనే డ్రూయిడ్ సంఘాన్నే చూడండి. వారి క్రతువుల్లో రక్తబలి నిషిద్ధం. మధ్యలో నిప్పు, పక్కన బావికి గుర్తుగా నీళ్ల పాత్ర, ఒక చెట్టు లేదా దాని స్థానంలో ఒక స్తంభం. పూర్వికులకు, ప్రకృతిశక్తులకు, దేవతలకు వేర్వేరుగా ధాన్యం, నూనె, బీరు వంటివి సమర్పిస్తారు. ఆపై శకునం చూసి, దీవెనగా పానీయం పంచుకుంటారు. చివరికి పిలిచిన వారందరికీ వరస తిప్పి కృతజ్ఞతలు చెప్పి పంపుతారు. పిలిచిన అతిథిని మాటైనా చెప్పకుండా వదిలేయరన్నమాట! వారు చెప్పుకునే తొమ్మిది సుగుణాల్లో వివేకం, ధైర్యం, మితంతో పాటు ఆతిథ్యమూ ఒకటి.

ఇక గుట్టు. ఏడాదిలో ఎనిమిది పండుగలను ఎవరైనా రాదగిన బహిరంగ క్రతువులుగా జరపాలన్నది ఏడీఎఫ్ శాఖలకు నియమం. బ్రిటన్‌లో డ్రూయిడ్ నెట్‌వర్క్ అనే సంఘాన్ని 2010లో చారిటీ కమిషన్ (ధార్మిక సంస్థలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) ధార్మిక సంస్థగా నమోదు చేసింది. గుట్టుగా బతకాలనుకునేవారు ప్రభుత్వానికి లెక్కలు చూపే పని నెత్తికెత్తుకుంటారా?

పరంపర మాట మరీ విడ్డూరం. బోనెవిట్స్ తొలుత చేరిన అమెరికన్ డ్రూయిడ్ బృందం 1963లో మిన్నెసోటాలోని కార్ల్‌టన్ కళాశాలలో పుట్టింది. విద్యార్థులు తప్పనిసరిగా ప్రార్థనలకు హాజరు కావాలన్న నిబంధన మీద వెటకారంగా పెట్టిన మతం అది. మరుసటి ఏడాదే ఆ నిబంధన ఎత్తేశారు. విద్యార్థులు మాత్రం తమ క్రతువులు మానలేదు.