ప్రాంప్టులో రాసుకుంటే పాలసీ అయిపోదు

నిన్న సాయంత్రం బెంగళూరు కోరమంగలలో క్రిప్టో మీటప్‌లో ఒక డెమో. తనంతట తానే పనులు చేసుకుపోయే ఏఐ ఏజెంటు చేతికి క్రిప్టో వాలెట్ ఇచ్చేశారు. యూసేజ్ పాలసీ ఏదని అడిగితే సిస్టమ్ ప్రాంప్ట్ (ఏజెంటుకి ముందే రాసిచ్చే సూచనలు) తెరిచి చూపించారు. అందులో ఒకటే వాక్యం: "100 డాలర్లకు మించి పంపవద్దు." హాల్లో సగంమందిమి తెలుగువాళ్లమే, ఒక్కరైనా గట్టిగా నిలదీయలేదు. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

గేటుకి "దొంగలు రావద్దు" అని బోర్డు తగిలించి తాళం వేయకపోవడం ఇది. 2024 నవంబరులో ఫ్రైసా అనే ఏఐ ఏజెంటుని మాటలతో ఒప్పించి డబ్బు గెలుచుకునే ఆట గుర్తులేదా? డబ్బు ఎవరికీ ఇవ్వకూడదన్నదే ఆ ఏజెంటుకి పెట్టిన నియమం. డబ్బు లోపలికి వచ్చినప్పుడు పిలవాల్సింది కూడా డబ్బు బయటికి పంపే ట్రాన్స్‌ఫర్ ఫంక్షనేనని ఒకరు దాన్ని నమ్మించి, దాదాపు 47 వేల డాలర్లు గెలుచుకున్నారు. అది పందెం కట్టి నడిపిన ఆట. నిజం వాలెట్‌లో అయితే ఎవడికి చెప్పుకుంటాం? పైగా ఏజెంటు చదివే టోకెన్ పేరు, ఎన్ఎఫ్‌టీ (డిజిటల్ వస్తువుకి యాజమాన్య టోకెన్) వివరణ, ఇవన్నీ ఎవడైనా రాయొచ్చు, మోసగాడితో సహా. అందులో రాసిందే ఆదేశమని ఏజెంటు అనుకోవచ్చు.

పాలసీ ఉండాల్సింది సైనర్ దగ్గర, అంటే ట్రాన్సాక్షన్ మీద సంతకం పెట్టే ప్రోగ్రామ్ దగ్గర. ఆ సంతకానికి వాడే రహస్య ప్రైవేట్ కీ ఏజెంటు ప్రాసెస్‌లోకి రానే కూడదు. ఏజెంటు సంతకం లేని ట్రాన్సాక్షన్ ఇస్తుంది. సైనర్ ముందున్న కోడు దాన్ని డీకోడ్ చేసి చైన్ ఐడీ (ఏ బ్లాక్‌చైన్ అన్నది), కాంట్రాక్ట్ (బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రామ్) అడ్రసు, ఫంక్షన్, ఎంత పంపుతున్నదీ చూస్తుంది. అనుమతి జాబితాలో లేనిది ఏదైనా తిరస్కరణే. ఆ జాబితా మార్చే అధికారం ఏజెంటుకి ఉండకూడదు.

అక్కడా తప్పులు చేస్తారు. డాలరు విలువకి కట్టిన యూఎస్‌డీసీ టోకెన్‌కి 6 డెసిమల్స్ (దశాంశ స్థానాలు), ఈథరియం నాణెం ఈథర్‌కి 18. 100 యూఎస్‌డీసీ పరిమితిని 18 డెసిమల్స్‌తో లెక్కగడితే అది 100 లక్షల కోట్ల యూఎస్‌డీసీ అవుతుంది, అంటే పరిమితి లేనట్టే. ఒక్కో ట్రాన్సాక్షన్‌కి హద్దు పెట్టి 24 గంటల మొత్తానికి పెట్టకపోతే, వందేసి చొప్పున వాలెట్ ఖాళీ అయిపోతుంది. మల్టీకాల్‌ని (ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టగట్టిన అనేక కాల్స్‌ని) అనుమతిస్తే లోపలి కాల్స్‌నీ విప్పి చూడాలి. అన్నిటికన్నా ప్రమాదం పర్మిట్ సంతకాలు, అంటే నా టోకెన్లు తీసుకోవచ్చని అవతలివాడికి రాసిచ్చే అనుమతులు. అవి ట్రాన్సాక్షన్లు కావు, కాబట్టి ట్రాన్సాక్షన్ ఫిల్టర్‌కి కనపడవు. ఒక్కసారి సంతకం పెడితే అవతలివాడు దాన్ని చైన్‌లో వేసుకుని డబ్బు లాగేస్తాడు. ఈఐపీ-7702 ఆథరైజేషన్ (ఈథరియం ఖాతాని ఒక కాంట్రాక్ట్ కోడుకి అప్పగించే అనుమతి) మీద సంతకం పెట్టారా, ఖాతా మొత్తాన్నీ వేరే కోడు చేతిలో పెట్టినట్టే.

అసలు ఈ నిర్లక్ష్యం ఏజెంట్లతో మొదలైంది కాదు. ఏళ్ల తరబడి డీయాప్‌లు (బ్లాక్‌చైన్ యాప్‌లు) అన్‌లిమిటెడ్ అప్రూవల్ (ఎన్ని టోకెన్లైనా తీసుకునే అనుమతి) అడుగుతూనే ఉన్నాయి, జనాన్ని కళ్లు మూసుకుని కన్ఫర్మ్ నొక్కడానికి అలవాటు చేశాయి. మళ్లీ మళ్లీ అప్రూవ్ చేయకపోతే గ్యాస్ (ట్రాన్సాక్షన్ రుసుము) మిగులుతుందట! ఎల్2ల్లో (ఈథరియం పైన నడిచే చవక నెట్‌వర్కుల్లో) ఆ ఖర్చెంతని? మనుషులకు నేర్పిన ఆ పాడు అలవాటే ఇప్పుడు నిద్రపోని ఏజెంటుకి అంటగడుతున్నారు. స్వాప్‌కి (టోకెన్ల మార్పిడికి) ఎంత కావాలో అంతే అప్రూవ్ చేయించండి. స్పెండర్ (ఆ అనుమతి అందుకునే అడ్రసు) ఎవరో సరిచూడండి. అనుమతి ఏమైనా మిగిలితే సున్నా చేయండి.

వాలెట్ ఇచ్చేముందు నిజం డబ్బు లేని టెస్ట్‌నెట్‌లో సిస్టమ్ ప్రాంప్ట్ మొత్తం చెరిపేసి, బ్యాలెన్సంతా ముక్కూముఖం తెలియని అడ్రసుకి పంపమనండి. తర్వాత అదే పని మల్టీకాల్‌తో, ఆపైన పర్మిట్‌తో. మూడుసార్లూ సైనరే ఆపాలి. ఒక్కసారి సంతకం పడినా, నిజం డబ్బుండే మెయిన్‌నెట్ కీ సైనర్‌కి ఇవ్వకండి.